పావు మిల్లీమీటరు సందు

మా ఆయనతో కాపురం చెయ్యడానికి ఓపిక ఒక్కటే చాలదు, మైక్రోమీటరు కూడా కావాలి. దోసె వేసి పెడితే తినే ముందు దాన్ని వెలుతురుకు ఎత్తి చూస్తారు. ఒక పక్క మందం, ఒక పక్క పలచన అంటారు. పెళ్ళైన నెలలోనే పెళ్ళి ఫోటో చేతికొస్తే, నా బొట్టు రెండు మిల్లీమీటర్లు ఎడమకు జరిగిందని చెప్పిన మనిషి. ఆ ఫోటో ఆయన కూర్చునే కుర్చీకి ఎదురుగా గోడకు తగిలించాను, అదీ కొంచెం వంకరగా. పద్నాలుగేళ్ళుగా ఆయన పోతా వస్తా దాన్ని సరిచేస్తారు. నేను పోతా వస్తా మళ్ళీ వంచుతాను. ఇద్దరికీ చేతులు బాగా ఆడతాయి.

ఇంత కొలతల మనిషి ఒకసారి పావు మిల్లీమీటరు మాయం చేశారు. మాయం చేసి ఆ తప్పు కింద నా పేరు పెట్టారు. దోసె సంగతి ఎవరికైనా నవ్వుతా చెప్పగలను. ఇది చెప్పడానికి ఇన్నాళ్ళు పట్టింది.

చింతామణిలో మాది లేత్ షాపు. ముందు షాపు, వెనక ఇల్లు, మధ్యలో ఒక తలుపు. మా మామ గోపాలప్ప నలభై ఏళ్ళు శిడ్లఘట్టలో పట్టుపోగు తీసే రీలింగు మిషన్లకు ఇరుసులు, చక్రాలు చేసి ఇచ్చారు. ఆ మిషన్లో ఎక్కడైనా కొంచెం లూజుంటే చక్రం అదురుతుంది. అదిరితే పట్టుపోగు తెగుతుంది. తెగితే రీలరు బస్సెక్కి వచ్చి మా వాకిట్లో నిలబడి, వీధికంతా వినపడేట్టు మా వంశాన్ని తలుచుకుంటాడు. అందుకని మామ ఒక కట్టడి పెట్టుకున్నారు. ఏ సామానైనా సరే, గడప దాటే ముందు దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపుతారు. చప్పుడొస్తే అది మళ్ళీ లేత్ మీదికి పోవాల్సిందే. గోపాలప్ప షాపు సామాను మోగదు అని శిడ్లఘట్టలో పేరు. ఆ పేరు మీదే మా ఆయన పురుషోత్తం కంప్యూటరు మిషన్లు తెచ్చి షాపు పెంచారు.

అట్లాంటి షాపుకు మోహన్‌కుమార్ వచ్చాడు. తొండేభావి పిల్లవాడు, బెంగళూరులో పెద్ద ఉద్యోగం, నేలకు అతుక్కుని పోయే స్పోర్ట్స్ కారు ఒకటి. దాన్ని చిక్కబళ్ళాపురం దగ్గర ఒక షెడ్డులో దాచుకుని, నెలకోసారి రేసు ట్రాక్‌కు తీసుకుపోయి తిప్పుతాడు. అంత వేగంలో బ్రేకు తొక్కితే చక్రం లోపలుండే ఇనప పళ్ళెం, అదే డిస్కు, నిప్పులా ఎర్రబడి, ఒకటి రెండుసార్లకే పగుళ్ళు ఇస్తోందట. విదేశం నుంచి తెప్పిస్తే నెలలు పడుతోంది. మీరు చేస్తారా అన్నా, అని మా ఆయన్ని అడిగాడు. మా ఆయనకు కళ్ళు మెరిశాయి. పెళ్ళిచూపుల్లో నన్ను చూసి కూడా అంత మెరవలేదు.

మామూలు డిస్కు ఒకే ముక్క. మోహన్‌కు కావాల్సింది రెండు ముక్కలది. బయట ఇనప కంకణం, మధ్యలో అల్యూమినియం టోపీ. ఈ రెండింటినీ పది చిన్న స్టీలు ముక్కలతో కలుపుతారు. అవి దారపు కండెలా నడుం సన్నగా ఉంటాయి కాబట్టి వాటిని బాబిన్లు అంటారు. రీలింగు మిషన్ల మధ్య పెరిగిన మా ఇంట్లో ఆ మాట ఎవరికీ కొత్త కాలేదు. కిటుకంతా బాబిను నడుంలో ఉంది. ఇనుము వేడికి పెరుగుతుంది. కంకణం పెరిగినప్పుడు అది బాబిన్ల మీద జారి బయటికి జరగాలి. జరగడానికి బాబిను నడుం కంకణం మందం కన్నా పావు మిల్లీమీటరు పొడుగుండాలి. కంకణం పన్నెండు, బాబిను పన్నెండుంపావు. ఆ పావు సందు లేకపోతే కంకణం బిగుసుకుపోయి, పెరగడానికి దారి లేక, గొడుగులా వంగిపోతుంది.

ఇదంతా నాకెట్లా తెలుసంటే, నేను బీఎస్సీ ఫిజిక్స్. ఆ డిగ్రీ పత్రం బీరువాలో పట్టుచీరల కింద, చీరలకన్నా మడత నలగకుండా ఉంది. మోహన్ ప్రతి ముక్కనూ కొలిచి, కాగితం మీద రాసి, సంతకం పెట్టి ఇవ్వాలన్నాడు. మా ఆయనే నన్ను పిలిచారు. "నేను చేసి నేనే కొలిస్తే నా తప్పు నాకు కనపడదు. నువ్వు చూడు" అన్నారు. ఆ మాట నాకు ఎంత నచ్చిందో ఆయనకు తెలియదు.

నడవలో కిటికీ పక్కన బల్ల వేసుకున్నాను. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక చేతులు బాగా తుడుచుకుని, చెమట ఆరేదాకా ఆగి, రెండు డిస్కులకు ఇరవై బాబిన్లు, ఒక్కొక్కటి మూడుసార్లు కొలిచాను. పన్నెండుంపావు. కంకణం బిగించాక సందులోకి గేజు రేకు పెట్టి మళ్ళీ చూశాను. కాగితం నింపి కింద వినుత అని రాశాను. అప్పటిదాకా నా సంతకం పిల్లల మార్కుల పట్టీ మీదా, గ్యాస్ పుస్తకంలోనూ తప్ప ఎక్కడా పడలేదు. మోహన్‌కు ఫోన్లో ఫోటో పంపితే "మీ రాత అచ్చు వేసినట్టు ఉండాదక్కా" అన్నాడు. రెండు రోజులు ఆ మాట మీదే వంట చేశాను.

తయారైన డిస్కును ఎత్తి ఊపితే సన్నగా గలగలమంటుంది. చల్లగా ఉన్నంతసేపూ అది అట్లాగే అనాలి. వేడెక్కితే అదే ఊరుకుంటుంది. నాకు ఆ చప్పుడు బాగుండేది. మామకు ముల్లులా గుచ్చుకుంది. ఆ రోజు ఆయన పాత స్నేహితుడు, శిడ్లఘట్ట రీలరు ఈరప్ప వచ్చి షాపులో కూర్చుని ఉన్నాడు. మామ అలవాటుగా డిస్కును చెవి దగ్గరికి ఎత్తారు.

"ఇదేందప్పా గోపాలప్పా, గజ్జెలు చేస్తాండారా ఇప్పుడు?" అన్నాడు ఈరప్ప. "నా మనవరాలు భరతనాట్యం నేర్చుకుంటాండాది. రెండు జతలు కట్టియ్యి."

మామ నవ్వలేదు. డిస్కు కింద పెట్టి లోపలికి వచ్చి, ఆ పూట ఫలహారం వద్దన్నారు. నేను వెనకాలే పోయి వేడి, ఇనుము పెరగడం, సందు, అన్నీ చెప్పాను. నేను చదివింది పుస్తకంలోననీ, తాను చెవితో విన్నది నలభై ఏళ్ళనీ అన్నారు మామ. అప్పుడు మా ఆయన గుమ్మంలో నిలబడి, వినుత చెప్పేదే నిజం, డ్రాయింగులోనే ఉంది నాయనా, అన్నారు. ఆయన నా పక్క మాట్లాడారు కదా అని ఆ సంగతి అంతటితో వదిలేశాను.

మరుసటి రోజు పొద్దున్నే బాగేపల్లి బస్సెక్కాను. మా చెల్లెలు రూప కొడుక్కి అక్కడి గడిదం గుడిలో పుట్టెంట్రుకలు. రెండు రోజులుండి వచ్చేసరికి డిస్కులు పోయాయి. మోహన్ వచ్చి తీసుకుపోయాడని చెప్పారు. ఆ వారమంతా మా ఆయన దోసెను ఒక్క మాట అనలేదు. ఒకరోజు మాడిందాన్ని కూడా బాగుందన్నారు. నేను అనుమానపడాల్సింది అక్కడే.

పది రోజులకు మోహన్ వచ్చాడు. భుజం మీద సీటు బెల్టు ఒత్తుకున్న చోట చొక్కా మెడ పక్కనుంచి నల్లగా కనపడుతోంది. డిస్కులు రెండూ షాపు బల్ల మీద పెట్టాడు. ఇనుము నీలంగా కమిలిపోయి ఉంది. ఆరో చుట్టులో స్టీరింగు వణికిందట. మలుపు దగ్గర బ్రేకు తొక్కితే పెడలు కిందికంటా దిగిపోయిందట. కారు ట్రాకు వదిలి కంకర పరిచిన చోటికి పోయి ఆగిందట. ఆ మలుపులో కంకర ఉంది కాబట్టి సరిపోయింది, తర్వాతి మలుపులో గోడ ఉంది అని నెమ్మదిగా చెప్పాడు. మా ఆయన ఉక్కు స్కేలు తీసి డిస్కు మీద అడ్డంగా పెట్టారు. కంకణం గొడుగులా వంగి ఉంది.

నేను కాఫీ తీసుకుని మధ్య తలుపు దగ్గరికి వచ్చాను. మోహన్ చేతిలో నా కాగితం ఉంది.

"సందు పావు అని రాసుండాది గదన్నా. ఇందులో సందు యాడుండాది?"

మా ఆయన స్కేలును గుడ్డతో తుడిచారు. అది తుడవాల్సినంత మాసి లేదు.

"కొలతలన్నీ వినుత చూసిందప్పా. ఇంటి పనుల మధ్యలో యాడో పొరపాటు పడినట్టుండాది."

లోటాలో కాఫీ ఒలకలేదు. నా చెయ్యి అంత నిలకడగా ఉన్నందుకు నాకే ఆశ్చర్యం. మోహన్ తలెత్తి నన్ను చూసి, గబుక్కున చూపు దించుకున్నాడు. "పోనీలేక్కా, మీరు మనసులో పెట్టుకోవద్దండి. నాకేం కాలేదు గదా" అన్నాడు. తిట్టి ఉంటే నిలబడి ఉండేదాన్నేమో. క్షమించేసరికి లోపలికి వచ్చేశాను.

నిజంగా నేనే తప్పు చేశానేమో అనుకున్నాను. ఇది నమ్మడం కష్టమే గానీ అదే జరిగింది. ఆయన కొలతల మనిషి, ఆయన అన్నారంటే ఉండే ఉంటుందని. రెండు రోజులు నా చేతిని నేను నమ్మలేదు. కూరలో ఉప్పు వేసి, వేశానా లేదా అని రుచి చూసి, మళ్ళీ రుచి చూశాను. తొండేభావిలో మోహన్ తల్లి ఉంటుంది. ఆమె కొడుకు గోడ ఉన్న మలుపులో పోయి ఉంటే, పోలీసుల చేతికి చిక్కే కాగితం మీద ఉండేది నా పేరు. అది తలపుకొచ్చినప్పుడల్లా పొయ్యి తగ్గించి కూర్చునేదాన్ని.

తర్వాత ఇంకోటి తెలిసింది. మోహన్ స్నేహితులు నలుగురు తమ కార్లకూ డిస్కులు చేయించుకోవాలనుకుంటున్నారట. జరిగింది జరిగిపోయింది, ఇకమీద కొలత చదువుకున్నవాళ్ళు చూస్తే పని ఇస్తామన్నారట. చదువుకున్నవాళ్ళు. మా ఆయన సరేనని, చిక్కబళ్ళాపురం నుంచి లోకేశ్ అని డిప్లొమా చేసినవాడిని మాట్లాడి వచ్చారు. నా బల్ల, గేజులు షాపులోకి మార్చాలన్నారు. నాకూ బరువు తగ్గుతుందని, అన్నం తింటూ, పప్పు కలుపుకుంటూ చెప్పారు.

బల్ల ఖాళీ చేసే రోజు, పాడైన డిస్కులు ఆ బల్ల కిందే గోనెసంచిలో ఉన్నాయి. ఎందుకు విప్పానో నాకూ తెలియదు. నా తప్పు ఎట్లా ఉంటుందో చూడాలనిపించి ఉంటుంది. ఒక బాబిను ఊడదీసి తుడిచి మైక్రోమీటరులో పెట్టాను. పన్నెండు. ఇంకొకటి తీశాను. పన్నెండు. ఇరవై తీశాను. ఇరవయ్యీ పన్నెండే.

పరధ్యానంలో కొలిచిన మనిషి ఒకటి తప్పు రాస్తుంది, మూడు తప్పు రాస్తుంది. ఇరవై, ఒక్కొక్కటి మూడుసార్లు, అరవైసార్లు ఒకే తప్పు చెయ్యదు. బాబిన్లను కిటికీ వెలుతురుకు తిప్పాను. నేను కొలిచినప్పుడు వాటి ముఖం సాన పట్టి నునుపుగా ఉండేది. ఇప్పుడు లేత్ ఉలి గీసిన సన్నటి గీతలు మధ్య నుంచి అంచుదాకా చుట్టలు చుట్టలుగా ఉన్నాయి, ఒకదానికొకటి వెంట్రుకవాసి తేడా లేకుండా. మా అమ్మ ముగ్గు ఊరందరి ముగ్గుల్లోనూ గుర్తుపడతాను. ఈ గీతలూ అంతే. తప్పు చేసినా సమానంగా చేసే మనిషి ఈ ఇంట్లో ఒక్కరే.

నేను గడిదంలో పిల్లవాడి గుండుకు చందనం పూస్తున్నప్పుడు ఆయన షాపులో కూర్చుని ఈ ఇరవై ముక్కలనూ ఒక్కొక్కటిగా చెక్కి, చప్పుడు ఆపి, నా కాగితంతో కలిపి మోహన్ చేతికిచ్చారు. సందు ఎందుకుండాలో తెలిసి చేశారు. నలభై ఐదేళ్ళ మనిషి తండ్రి ముఖం ముడుచుకోవడం చూడలేకపోయారు. అది నాకు అర్థం కాకపోలేదు, ఆ ముఖం నేనూ రోజూ చూసేదే. కానీ మోహన్ అడిగినప్పుడు ఆయన నోటికి వచ్చింది ఆ ముఖం సంగతి కాదు, నా పేరు.

అయినా ఒక అవకాశం ఇద్దామనుకున్నాను. మధ్యాహ్నం వడ్డిస్తూ, ఆ డిస్కులను మోహన్‌కు ఇచ్చే ముందు మీరేమైనా ముట్టుకున్నారా అని అడిగాను.

"లేదే" అన్నారు. "చారు కొంచెం పొయ్యి."

పోశాను. అప్పటిదాకా నాకు కోపం ఉంది. చారు పోసినాక అది లేదు. పద్నాలుగేళ్ళ నుంచి తెలిసిన మనిషి పళ్ళెం ముందు ఎవరో కొత్తవారు కూర్చుని నా చేతి వంట తింటున్నట్టు అనిపించింది. ఆయనకు ఇంకా అన్నం కావాలేమో అడగాలని కూడా తోచలేదు.

సోమవారం పొద్దున లోకేశ్ వచ్చాడు. సన్నగా, కళ్ళద్దాలు, గేజుల పెట్టెను పాపను ఎత్తుకున్నట్టు పట్టుకున్నాడు. కొత్త డ్రాయింగులు ఇవ్వడానికి మోహనూ వచ్చాడు. మామ తన కుర్చీలో ఉన్నారు. మూల కంప్రెసరు డబడబలాడుతోంది. నేను కాఫీలు పెట్టుకుని, కొంగు కింద బాబిన్ల డబ్బా పెట్టుకుని పోయాను. కాఫీ ఇచ్చి, నాకు చేతనైనంత అమాయకంగా ముఖం పెట్టాను. అది నాకు బాగా చేతనవుతుంది.

"లోకేశప్పా, నీ మైక్రోమీటరు చానా దూరం బస్సులో వచ్చిండాది గదా. సరిగా చూపిస్తాండాదో లేదో, ఈ పాతవి ఒకసారి కొలిచి చూడప్పా. మోహన్ దగ్గర కాగితం ఉండాది, సరిపోతాయో లేదో ఆయన చూస్తాడు."

మా ఆయన లేచి, ఇప్పుడెందుకవి అన్నారు. లోకేశ్ అప్పటికే తుడిచి పెట్టేశాడు. కంప్రెసరు చప్పుడుకు వినపడదేమోనని, బడిలో హాజరు పిలిచినట్టు గట్టిగా చదివాడు. పన్నెండు. పన్నెండు. పన్నెండు. నాలుగోదానికి మోహన్ కాగితం నుంచి తలెత్తాడు. లోకేశ్ ఆగలేదు, పనిమంతుడు, ఇరవయ్యీ చదివాడు. మోహన్ చేతిలోని కాగితంలోకి తొంగిచూసి, ఆఖరిదాన్ని కళ్ళద్దాల దగ్గరికి తెచ్చుకుని తిప్పి చూశాడు.

"పన్నెండుంపావు అని రాసుండేది తప్పు కాదు సార్. సాన పట్టాల్సిన ముఖం మీద ఉలి గీతలుండాయి, కొలిచినాక వీటిని ఎవరో లేత్ మీద పెట్టి పావు తీసేసినారు."

మోహన్ కాగితం చూశాడు, నన్ను చూశాడు. తర్వాత మా ఆయన్ని చూస్తూ ఉండిపోయాడు. ఒత్తుకున్న భుజం మీదికి వాడి చెయ్యి తనంతట తనే పోయింది.

ముందు మాట్లాడింది మామ.

"చేసేసినావా?" అన్నారు కొడుకును. ఆయన గొంతులో కోపం లేదు, నమ్మలేనట్టుంది. "ఈరప్ప నవ్వినాడని నేనేదో అంటిని. అంటే నువ్వు చేసేసినావా? ఆమె చెప్పేదే నిజమని నువ్వే గదరా నాకు చెప్పింది."

మా ఆయన అల్యూమినియం పొడి అంటిన చేతులను ప్యాంటుకు రుద్దుకున్నారు. పెదాలు కదిలాయి. ఏదో అన్నారు. కంప్రెసరు మింగేసింది.

నేను మూలకు పోయి దాని స్విచ్చు ఆపేశాను. అది రెండు దగ్గులు దగ్గి ఊరుకుంది.

"వినపడలేదు" అన్నాను.

"వినుత సరిగానే కొలిచిందప్పా" అన్నారు మోహన్‌తో. "ఆమె బాగేపల్లికి పోయినాక నేనే తగ్గించినాను. సందు లేకపోతే ఏమవుతుందో తెలుసు. అంత వేడెక్కదులే అనుకుంటిని. నువ్వు వచ్చి అడిగితే ఆమె పేరు చెప్పినాను. తప్పు నాది."

మోహన్ ఏదో అనబోయాడు. నేను చెయ్యెత్తి ఆపాను.

"ఆయనకు చెప్పినారు. బాగుండాది" అన్నాను. "ఇప్పుడు ఈ పక్కకు తిరిగి చెప్పండి."

తిరగడానికి ఆయనకు కొంచెంసేపు పట్టింది. లోకేశ్ గేజుల పెట్టెలోకి తల దూర్చుకున్నాడు. మామ కుర్చీలో కదల్లేదు.

"తప్పు నాది, వినుతా" అన్నారు. "నీ కొలతలో తప్పు లేదు. నువ్వు అడిగిన రోజూ అబద్ధమే చెప్పినాను."